తాత మిలిటరీ పెట్టె



మీ ఇంట్లో అటక మీదనో, మంచం కిందనో పాత ఇనుప ట్రంకు పెట్టె ఒకటి ఉందేమో ఒకసారి గుర్తు చేసుకోండి. నల్లరంగో, ముదురు ఆకుపచ్చ రంగో వేసి, మూతమీద తెల్లరంగుతో ఒక నంబరూ పేరూ రాసిన పెట్టె. ఇంట్లో పెద్దవాళ్ళు దాన్ని ‘మిలిటరీ పెట్టె’ అంటారు. అందులో రిబ్బను వెలిసిపోయిన రెండు మూడు పతకాలు, ఒక ఉన్నికోటు, ఎనామిలు ఊడిన మగ్గు, కొన్ని ఫోటోలు, మడతల దగ్గర చిరిగిన కాగితాలు ఉంటాయి. ఎవరివని పిల్లలడిగితే, ‘మీ ముత్తాతవిరా, యుద్ధానికి పోయొచ్చినాడు’ అని ఒక్కమాటలో చెప్పి మూత వేసేస్తాం.

ఈరోజు ఆ మూత తీద్దాం. పెట్టెలోని వస్తువులను పాడుకాకుండా ఎలా దాచుకోవాలి, వాటి వెనకున్న జ్ఞాపకాన్ని ఎలా నిలబెట్టుకోవాలి అనేది నేటి ప్రసంగ విషయం. ఇవి నేను పుస్తకాల్లో చదివి మాత్రమే చెబుతున్న సంగతులు కావు. నా చేతులతో నేనే చెడగొట్టి నేర్చుకున్నవి కొన్ని ఉన్నాయి. ముందు ఆ కథ వినండి.

మాది హోసూరు ప్రాంతం. మా తాత బెంగుళూరులో మద్రాస్ శాపర్లలో, అంటే వంతెనలు కట్టే, మందుపాతరలు తీసే ఇంజనీరింగు పటాలంలో చేరి రెండో ప్రపంచయుద్ధంలో బర్మా వెళ్ళి వచ్చారు. నేను పుట్టేనాటికి ఆయన లేరు. ఆయన పతకాలలో ఒకటి ఆరు కోణాల నక్షత్రం, పసుపుపచ్చ లోహం. దీపావళికి ఇత్తడి సామాను తోమేటప్పుడు ఆ నక్షత్రాన్ని కూడా తోమే పని నాది. చింతపండు, మెత్తటి ఇటుకపొడి వేసి అయిదారేళ్ళు శ్రద్ధగా తోమాను. బంగారంలా మెరిసేది. అందరూ మెచ్చుకునేవారు. దాని వెనకవైపు సన్నటి అక్షరాలు ఉండేవి. అవి ఏటేటా పలచబడుతున్నాయన్నది ఎవరూ గమనించలేదు.

చాలా ఏళ్ళ తర్వాత తాత సర్వీసు వివరాలు తెలుసుకుందామని బయలుదేరితే, మొదట ఎదురైన ప్రశ్న ‘ఆయన ఆర్మీ నంబరెంత?’ అని. డిశ్చార్జి బుక్కు చెదలుపట్టి పోయింది. పెట్టె మూతమీద నంబరుండేదని అవ్వ చెప్పేది. కానీ పెట్టె తుప్పు పడుతోందని మా నాయన ఒకసారి దానికి చక్కగా కొత్తరంగు వేయించారు. నక్షత్రం వెనక చూస్తే మొదటి రెండంకెలు తప్ప ఏమీ మిగల్లేదు. మా ఇంట్లో ఎవరూ నిర్లక్ష్యం చేయలేదండీ. రంగు వేసిందీ, తోమిందీ ప్రేమతోనే. ఆ ప్రేమే ఆయన నంబరును చెరిపేసింది.

ఆ నంబరు చివరకు ఎక్కడ దొరికిందో ప్రసంగం చివర్లో చెబుతాను. దీనివల్ల నేను నేర్చుకున్న మొదటి సూత్రం మాత్రం ఇప్పుడే చెబుతాను. పాత వస్తువును కొత్తదానిలా చేయడం సంరక్షణ కాదు. ఉన్నదాన్ని ఉన్నట్టుగా, ఇంకా చెడకుండా చూడటమే సంరక్షణ. ఏ వస్తువు మీది ఏ గీత రేపు మాట్లాడుతుందో ఈరోజు మనకు తెలియదు.

ముందుగా, మన ఇళ్ళలో ఇలాంటి పెట్టెలు ఎందుకున్నాయో రెండు మాటలు. మొదటి ప్రపంచయుద్ధంలో, అంటే 1914 నుంచి 1918 వరకు, పది లక్షలకు పైగా భారతీయులు సముద్రాలు దాటి వెళ్ళారు. 74 వేల మందికి పైగా తిరిగి రాలేదు. రెండో యుద్ధంలో భారత సైన్యం 25 లక్షలకు చేరింది. మద్రాసు రాజధాని జిల్లాల నుంచి పల్లెపల్లెనా మనుషులు వెళ్ళారు. పశ్చిమగోదావరి జిల్లాలో ఒక ఊరికి ‘మిలిటరీ మాధవరం’ అనే పేరే స్థిరపడింది. బెంగుళూరు దండులో, ఉత్తర ఆర్కాటులో, సేలంలో, బళ్ళారిలో, గంజాంలో ఉన్న తెలుగు కుటుంబాల నుంచి కూడా వెళ్ళారు. స్వాతంత్ర్యం తర్వాత 1962, 1965, 1971 యుద్ధాలకు, 1999లో కార్గిల్‌కు వెళ్ళినవాళ్ళున్నారు. కాబట్టి ఇది ఏ ఒక్క కాలానికీ చెందిన పెట్టె కాదు.

ఇక పెట్టెలో వస్తువులను ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదట పతకాలు. మా వైపు పెద్దవాళ్ళు ‘మెడలు’ అనేవారు. ముందు వాటిని గుర్తుపట్టండి. మొదటి యుద్ధానిదైతే సాధారణంగా రెండు గుండ్రటి పతకాలుంటాయి. ఒకటి వెండిది, ఒకటి కంచుది. రెండింటి అంచు మీద సన్నగా నంబరు, హోదా, పేరు, పటాలం పేరు కొట్టి ఉంటాయి. రూపాయి బిళ్ళ అంచును చూసినట్టు తిప్పి చూస్తేనే కనిపిస్తాయి. రెండో యుద్ధంలో ఏ ప్రాంతంలో పోరాడితే ఆ పేరుతో ఆరు కోణాల నక్షత్రం ఇచ్చారు. బర్మా నక్షత్రం రిబ్బను ముదురు నీలం, మధ్యలో ఎర్రచార, నీలం మధ్యలో నారింజ చారలు. ఇటలీ నక్షత్రానిది ఆ దేశపు జెండాలోని ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ. వీటితోపాటు గుండ్రటి పతకాలు కూడా ఉంటాయి. వెనకవైపు భారతదేశ పటం ఉంటే అది ఇండియా సర్వీసు మెడల్. 1965 యుద్ధానికి సమర్ సేవా స్టార్, 1971లో తూర్పు సరిహద్దుకు పూర్వీ స్టార్, పశ్చిమ సరిహద్దుకు పశ్చిమీ స్టార్ ఇచ్చారు. అంటే, కాగితాలన్నీ పోయినా, ఒక్క పతకమూ దాని రిబ్బనూ చాలు, ఆ మనిషి ఏ దిక్కుకు వెళ్ళాడో చెప్పడానికి. అందుకే వెలిసిపోయిన రిబ్బనును తీసేసి అందమైన కొత్త రిబ్బను వేయకండి.

పతకాలను చింతపండుతో, నిమ్మకాయతో, విభూతితో, బజారులో దొరికే పాలిష్‌తో తోమకండి. పులుపు లోహాన్ని తింటుంది. పొడి లోహాన్ని గీస్తుంది. పాలిష్ ఆరిన తర్వాత తెల్లటి పొడిగా అక్షరాల సందుల్లో ఉండిపోతుంది. పైకి కనిపించే నల్లదనం సాధారణంగా లోహానికి హాని చేయదు. దాన్ని అలాగే ఉండనివ్వండి. మెత్తటి కుంచెతో దుమ్ము దులిపి, పొడి నూలుగుడ్డతో అద్దితే చాలు. చేతి చెమటలో ఉప్పుంటుంది. అది లోహం మీద వేలిముద్రగా మిగిలిపోతుంది. అందుకని పతకాన్ని అంచులు పట్టుకోండి, లేదా నూలుగుడ్డతో పట్టుకోండి. పతకాలు ఒకదానికొకటి రాసుకోకుండా విడివిడిగా చుట్టండి. గంజి లేకుండా నాలుగైదుసార్లు ఉతికిన తెల్లటి పాత పంచెగుడ్డ ఇందుకు బాగా పనికొస్తుంది. ఉన్నిగుడ్డ, రబ్బరు బ్యాండు వద్దు. వాటిలోని గంధకం వెండిని నల్లబరుస్తుంది.

ఇంకొక్క మాట. మొదటి యుద్ధపు వెండి పతకాలు ఎన్నో కరిగిపోయాయి. మా అవ్వ పుట్టింట్లో ఒక పతకాన్ని కరిగించి ఆడబిడ్డ పెళ్ళికి కాళ్ళ పట్టీలు చేయించారట. కరువు రోజులవి. వాళ్ళను తప్పుపట్టే హక్కు మనకు లేదు. కానీ ఈరోజు ఆ వెండి విలువ కోసం పతకాన్ని అమ్మే అవసరం మనలో చాలామందికి లేదు. పేరున్న పతకం మరొకటి దొరకదు.

రెండోది కాగితాలు. డిశ్చార్జి బుక్కు, పే బుక్కు, ఉత్తరాలు, మనియార్డరు కూపన్లు. మనవాళ్ళు కాగితం చినుగుతుంటే చేసే పనులు రెండు. ఒకటి ప్లాస్టిక్ టేపు అంటించడం, రెండు లామినేషన్ చేయించడం. రెండూ చేయకండి. టేపు జిగురు కొన్నేళ్ళకు పచ్చబడి కాగితంలోకి దిగుతుంది, అక్షరాలను మింగేస్తుంది. లామినేషన్లో వేడికి కాగితం ప్లాస్టిక్కుకు కరుచుకుపోతుంది. తర్వాత తీయాలన్నా రాదు. మళ్ళీ వెనక్కు తీసుకోలేని పని ఏదీ పాత కాగితానికి చేయకూడదన్నది మంచి నియమం.

మరేం చేయాలి? చేతులు కడుక్కుని బాగా తుడుచుకోండి. గుండుసూదులు, స్టేపుల్ పిన్నులు ఉంటే నెమ్మదిగా తీసేయండి, వాటి తుప్పు కాగితాన్ని తింటుంది. మడతపెట్టిన ఉత్తరాన్ని విప్పగలిగితే విప్పి చదునుగా ఉంచండి. పెళుసుగా ఉంటే బలవంతం చేయకండి. ఒక్కో కాగితం మధ్య మంచి తెల్లకాగితం పెట్టి, గట్టి అట్టల మధ్య ఉంచండి. వార్తాపత్రికలు వద్దు, వాటి కాగితంలో ఆమ్లం ఎక్కువ. ఏదైనా రాయాల్సి వస్తే పెన్సిలుతో, మూలన, మెల్లగా రాయండి. బాల్‌పెన్ను దగ్గరకు రానీయకండి.

తర్వాత ఫోన్లోనో కెమెరాలోనో ఫోటోలు తీయండి. కిటికీ దగ్గర నీడపట్టున పెట్టి, ఫ్లాష్ లేకుండా, రెండువైపులా తీయండి. ఖాళీగా కనిపించే వెనకవైపు కూడా తీయండి. అక్కడే ఏ తపాలా ముద్రో, సెన్సారు ముద్రో ఉంటుంది. ఆ ఫోటోలను ఒక్క ఫోన్లోనే ఉంచకుండా ఇంకో ఇద్దరి దగ్గర కూడా దాచండి. ఫోను పోతుంది, చెడిపోతుంది. అయితే ఫోటో తీశాం కదా అని అసలు కాగితాన్ని పారేయకండి.

కాగితాలు చదవడంలో మనలాంటి కుటుంబాలకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. రాష్ట్రం బయట పుట్టి పెరిగిన మన పిల్లలు తమిళంలో, కన్నడంలో, ఒడియాలో, మరాఠీలో చదువుకుంటారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ అక్షరం రాదు. ముత్తాత రాసిన తెలుగు ఉత్తరం వాళ్ళకు బొమ్మలాంటిదే. అందుకని చదవగలిగిన పెద్దవాళ్ళుండగానే ఆ ఉత్తరాన్ని గట్టిగా చదివించి, గొంతు రికార్డు చేసి పెట్టండి. వేరే కాగితం మీద, పిల్లలకు వచ్చిన లిపిలో కూడా రాసి జతచేయండి.

కొన్ని కాగితాలు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి, కానీ చదివితే ఇంగ్లీషు కాదు. కంగారు పడకండి. ఆనాటి సైన్యంలో హిందుస్తానీని రోమన్ అక్షరాలతో రాసే పద్ధతి ఉండేది. బయటికి చదివితే హిందీ వచ్చినవాళ్ళు అర్థం చెబుతారు. యానాంలో 1954 వరకు ఫ్రెంచిపాలన ఉంది కాబట్టి అక్కడి ఇళ్ళలో ఫ్రెంచి కాగితాలు ఉండవచ్చు. భాష తెలియదని ఏ కాగితాన్నీ చిత్తుకాగితాల్లో కలపకండి.

ఊరి పేర్లు, జిల్లా పేర్లు కూడా పాత పటం ప్రకారం ఉంటాయి. మా హోసూరు ఆ రోజుల్లో సేలం జిల్లా. 1965లో ధర్మపురి జిల్లా అయింది, 2004లో కృష్ణగిరి జిల్లా అయింది. బరంపురం 1936 వరకు మద్రాసు రాజధానిలో ఉండేది. బళ్ళారి 1953లో మైసూరులో కలిసింది. కోలారువాళ్ళు అప్పటికే మైసూరు సంస్థానం. కాబట్టి కాగితంలో ‘మద్రాసు’ అని ఉంటే అది మీ తాతది కాదనుకోకండి. పేరు కూడా అంతే. చేర్చుకున్న గుమాస్తాకు చెవికి వినిపించినట్టు ఇంగ్లీషులో రాసుకున్నాడు. ఒకే పేరు మూడు రకాలుగా కనిపిస్తుంది. పేరుతోపాటు తండ్రి పేరు, ఊరు, తాలూకా, నంబరు కలిపి పోల్చుకోవాలి.

మూడోది ఫోటోలు. మన ఇళ్ళలో పోయినవారి ఫోటోకు పటం కట్టి, గంధం, కుంకుమబొట్టు పెట్టి, దండ వేసి, అగరుబత్తి వెలిగిస్తాం. ఆ మర్యాద మానమని ఎవరూ చెప్పరు. కానీ వెలుతురుకు ఫోటో వెలుస్తుంది. వెలిసినది మళ్ళీ తిరిగి రాదు. గోడ తేమకు బూజు పడుతుంది, పొగకు మసి పడుతుంది. అందుకని అసలు ఫోటోకు మంచి నకలు తీయించి ఆ నకలును పటం కట్టించండి. బొట్టు అద్దం మీద పెట్టండి. అసలు ఫోటో పెట్టెలో చీకట్లో చల్లగా ఉంటుంది. పాత పటంలో ఫోటో అద్దానికి అంటుకుపోయి ఉంటే లాగకండి, పైపొర ఊడివస్తుంది. అద్దంతోనే ఉంచి, అద్దం మీదుగానే ఫోటో తీయించండి.

నాలుగోది బట్టలు. బట్ట సంగతి సోలాపురం, భివండి పద్మశాలీ సోదరులకు నేను చెప్పేదేముంది? అయినా ఒకటి గుర్తు చేస్తాను. కోటును గాని, చొక్కాను గాని బయటికి తీయగానే నానబెట్టి ఉతకకండి. పాతరంగు కారుతుంది, బొత్తాముల తుప్పు బట్టకు పాకుతుంది. దానిమీది మరక కూడా దాని చరిత్రలో భాగమే. నీడలో కాసేపు గాలికి పరిచి, మెత్తటి కుంచెతో దుమ్ము తీయండి. ఎండలో వేయకండి. ఉన్నికి పురుగుపడితే, పాలిథీన్ సంచిలో గాలి పోకుండా కట్టి రెండువారాలు డీప్‌ఫ్రీజరులో ఉంచండి. బయటికి తీశాక ఒక రోజంతా సంచి విప్పకుండా ఉంచి, తర్వాత విప్పండి. లేకపోతే తేమపడుతుంది. ఎండిన వేపాకును పలచటి గుడ్డసంచిలో కట్టి పెట్టవచ్చు, నేరుగా బట్టమీద వేస్తే మరక. కలరా ఉండల ఆవిరి ఆరోగ్యానికి మంచిది కాదు. మడతల మధ్య పాతగుడ్డను చుట్టగా పెడితే మడత దగ్గర చినగదు. ఏడాదికోసారి మడత మార్చండి. తోలు బెల్టుకు, బూట్లకు కొబ్బరినూనె రాయకండి. బూజుకు అది విందుభోజనం.

అయిదోది, అన్నిటికంటే జాగ్రత్త అవసరమైనది. పెట్టెలో తూటా గాని, గుండు గాని, ఫ్యూజు లాంటిది గాని కనిపిస్తే తాకకండి, తోమకండి, పిల్లలకు చూపించకండి. డెబ్బై ఎనభై ఏళ్ళ తర్వాత కూడా అది పేలవచ్చు. గది మూసి పోలీసులకు చెప్పండి. తుపాకులకు, తూటాలకు 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు కావాలి. తాత జ్ఞాపకమని దాచుకోవడం చట్టం దృష్టిలో తప్పే.

ఇక పెట్టెను ఎక్కడ ఉంచాలి? అటక మీద ఎండాకాలం నిప్పులకొలిమి. నేలమీద వానాకాలం చెమ్మ. ఇంటి మధ్యగదిలో, వెలుపలిగోడకు ఆనకుండా, నాలుగు ఇటుకల మీద ఎత్తుగా పెట్టండి. బరంపురం, యానాం లాంటి తీరపు ఊళ్ళలో ఉప్పుగాలి ఉంటుంది కాబట్టి మరింత జాగ్రత్త. మందుసీసాలతో వచ్చే సిలికా జెల్ పొట్లాలను రెండు మూడు వేయవచ్చు. ఏడాదికి రెండుసార్లు, వానలు వెళ్ళాక ఒకసారి, ఉగాది ముందు ఒకసారి, మూత తీసి చూడండి. ముట్టుకోని పెట్టె కంటే తరచూ చూసే పెట్టె క్షేమం.

ఇంతవరకు వస్తువుల సంగతి. అయితే శ్రోతలారా, వస్తువు నిలిచినా దాని మాట పోతే అది పాత ఇనుమే. ఎనామిలు మగ్గుకు మీ ఇంట్లో విలువ ఎందుకు? అందులో ఆయన ఏ చలిలో టీ తాగాడో ఒకరు చెప్పారు కాబట్టి. ఆ చెప్పేవాళ్ళు పోతున్నారు. ముందు చేయాల్సిన పని ఏదంటే గుడ్డ కొనడం కాదు, పెద్దవాళ్ళ పక్కన కూర్చోవడం.

‘యుద్ధం గురించి చెప్పవ్వా’ అంటే ఎవరూ చెప్పలేరు. వస్తువును చేతికిచ్చి చిన్న ప్రశ్న వేయండి. ‘ఇది ఎక్కడ పెట్టేవాడు? దీన్ని ఎవరిచ్చారు? తిరిగొచ్చిన రోజు ఏం వండినారు? ఉత్తరం ఎవరు చదివి చెప్పేవారు?’ అని అడగండి. చేతిలో బరువు తగలగానే నోట్లో మాట వస్తుంది. వాళ్ళు చెప్పినదాన్ని వాళ్ళ మాటల్లోనే రాసుకోండి, లేదా రికార్డు చేయండి. ఎవరు చెప్పారు, ఏ తేదీన చెప్పారు అన్నది కింద రాయండి. అన్న ఒకలాగ, తమ్ముడు ఇంకోలాగ చెబితే రెండూ రాయండి. మీరు తీర్పరులు కావద్దు.

మాటలను దిద్దకండి కూడా. దీనికీ నా అనుభవం ఒకటుంది. అవ్వ చెప్పిందంతా నేను చిన్నప్పుడు ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. అందులో ‘తాత రంగం నుంచి వచ్చినాక’ అన్నమాట నాలుగుచోట్ల ఉంది. నేను తెలివిగా దాన్ని ‘యుద్ధరంగం’ అని దిద్దిపెట్టాను. చాలా ఏళ్ళకు గంజాం వైపు పెద్దాయన ఒకరు మాటల్లో, ‘రంగం అంటే రంగూన్ కదయ్యా, మావైపు అందరూ అట్లాగే అనేవారు’ అన్నారు. తాత రంగూన్‌లో ఉన్నారన్న సంగతి నా నోటుబుక్కులోనే ఉంది. నేనే దాన్ని కొట్టేశాను. హోసూరులో పుట్టిన అవ్వకు ఆ మాట ఎక్కడిది? తాతతో పటాలంలో ఉండి, ఒకసారి మా ఇంటికి వచ్చి భోంచేసిన గంజాం స్నేహితుడి నోటినుంచి వచ్చి ఉండాలి.

జ్ఞాపకాన్ని గౌరవించడమంటే ప్రతివాణ్ణీ వీరుణ్ణి చేయడం కాదు. వంటశాలలో పనిచేసినవాడు, గాడిదలను తోలినవాడు, శత్రువుకు చిక్కినవాడు, సింగపూరు పతనం తర్వాత ఆజాద్ హింద్ ఫౌజులో చేరినవాడు, తిరిగొచ్చి రాత్రుళ్ళు ఉలిక్కిపడి లేచినవాడు, ఏమీ మాట్లాడకుండా పోయినవాడు, అందరిదీ యుద్ధమే. చెప్పడానికి ఇష్టపడని సంగతిని తవ్వకండి. ‘ఈ విషయం ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు’ అని రాసినా అది చరిత్రే. ఇంటిదగ్గర మనియార్డరు కోసం ఎదురుచూసిన ఆడవాళ్ళ కథను కూడా అదే పెట్టెలో పెట్టండి.

తిరిగిరానివారి సంగతి. రెండు ప్రపంచయుద్ధాల్లో చనిపోయిన సైనికుల పేర్లను కామన్వెల్త్ యుద్ధసమాధుల సంస్థ నమోదు చేసింది. బర్మాలో తౌక్యాన్ దగ్గరున్న రంగూన్ స్మారకం మీద సమాధి తెలియనివారి పేర్లు సుమారు 27 వేలు ఉన్నాయి. సింగపూరులో క్రాంజి స్మారకం మీద 24 వేలకు పైగా ఉన్నాయి. మన దేశంలో కొహిమా, ఇంఫాల్‌లోను, చెన్నై నందంబాక్కంలోను యుద్ధ శ్మశానవాటికలున్నాయి. ఆ పేర్లను ఇంటర్నెట్టులో వెతకవచ్చు. బతికి వచ్చినవారి వివరాలకు ఆయా పటాలం రికార్డుల కార్యాలయానికి రాయాలి. మీ జిల్లాలోని సైనిక సంక్షేమ కార్యాలయం దారి చెబుతుంది. మద్రాస్ రెజిమెంటుది నీలగిరుల్లో వెల్లింగ్టన్, మద్రాస్ శాపర్లది బెంగుళూరు.

ఆస్తి పంపకాలప్పుడు ఇల్లూ పొలంతోపాటు పతకాలను కూడా తలా ఒకటి పంచుకునే ఇళ్ళున్నాయి. అలా చేస్తే నలుగురి దగ్గర నాలుగు ముక్కలుంటాయి, మనిషి ఎవరి దగ్గరా ఉండడు. వస్తువులన్నీ ఒకరి దగ్గర ఉంచి, జాబితా రాసి, ఫోటోలూ నకళ్ళూ అందరూ తీసుకోండి. దాచగలిగేవాళ్ళు ఎవరూ లేకపోతే పటాలం మ్యూజియానికి ఇవ్వవచ్చు. ఇచ్చేటప్పుడు రసీదు తీసుకోండి, కథ కూడా రాసి ఇవ్వండి.

ఇప్పుడు ఆ నంబరు సంగతి. మా అవ్వకు చదువు రాదు. కానీ తాత పంపిన మనియార్డరు కూపన్లను ఒక్కటి కూడా పారేయకుండా, ఇనుప తీగకు గుచ్చి వంటింటి గోడకు తగిలించింది. ఆమె పోయాక ఆ కట్టను ఎవరో పెట్టె అడుగున వేశారు. పొగచూరి, మధ్యలో తుప్పుపట్టిన రంధ్రాలతో ఉన్న ఆ చీటీలను మేము ఎప్పుడూ లెక్కచేయలేదు. ఒకరోజు ఒక్కొక్కటీ విడదీసి చూస్తే, పంపినవారి చోట తాత పేరు, పక్కన పూర్తి నంబరు ఉన్నాయి. ఒకసారి కాదు, పదకొండు చీటీల మీద ఉన్నాయి. మెరిసే పతకం చెప్పలేనిది, మసిపట్టిన చీటీ చెప్పింది. చదువురాని మా అవ్వ మా అందరికంటే మంచి సంరక్షకురాలు. ఆమె దేన్నీ తోమలేదు, దేన్నీ పారేయలేదు.

ఈ ఆదివారం మీరూ మూత తీయండి. ఇంట్లో పెద్దవాళ్ళను కూర్చోబెట్టండి, పిల్లలను పిలవండి. ఒక నోటుబుక్కు, ఒక పెన్సిలు చాలు. ఏదీ తోమకండి, ఏదీ అంటించకండి. ఒక్కొక్క వస్తువును తీసి, ఇది ఎవరిది, ఏమిటి, ఎవరు చెప్పారు అని మూడు వాక్యాలు రాయండి.

మా పెట్టెలో ఒక ఫోటో ఉంది. నది ఒడ్డున ముగ్గురు శాపర్లు నిలబడి ఉన్నారు. ఎడమవైపు మా తాత. మధ్యలో ఉన్నాయన మా ఇంట్లో భోంచేసిన గంజాం స్నేహితుడని అవ్వ చెప్పింది, పేరు చెప్పలేదు, నేను అడగలేదు. మూడో ఆయన ఎవరో తెలియదు. ఫోటో వెనక ఏమీ రాసి లేదు. అదే ఫోటో బరంపురంలోనో, వేలూరులోనో, బళ్ళారిలోనో ఇంకో పెట్టెలో ఉండి ఉంటుంది. దాని వెనక ఆ ముగ్గురి పేర్లూ రాసి ఉన్నాయేమో. అది మీ పెట్టే కావచ్చు. తిప్పి చూడండి.